మొక్కల మాటున ఇలాకాలు: మరుగుజ్జు సిక్లిడ్ల సహవాస పెంపకం, దాని చరిత్ర

అలంకార చేపల పెంపకంలో స్థిరపడిన ‘మరుగుజ్జు సిక్లిడ్లు’ అన్న మాట జీవశాస్త్రజ్ఞులు పెట్టిన వర్గం పేరు కాదు. దక్షిణ, మధ్య అమెరికాలు, ఆఫ్రికా, మడగాస్కర్, పశ్చిమాసియా, దక్షిణాసియా నీళ్లలో 1,600కు పైగా జాతులుగా విస్తరించిన సిక్లిడ్ కుటుంబంలో, ఎంత పెరిగినా సుమారు 10 సెంటీమీటర్లు దాటనివీ, మొక్కలను వేళ్లతో సహా పెకలించనివీ, చిన్న తొట్టిలోనే గుడ్లు పెట్టి పిల్లలను సాకగలవీ అయిన చేపలన్నింటినీ పెంపకందారులు తమ వీలు కొద్దీ ఈ పేరు కింద చేర్చుకున్నారు. దక్షిణ అమెరికాకు చెందిన అపిస్టోగ్రామా, మైక్రోజియోఫేగస్, నానకారా, డైక్రాసస్ అనే ప్రజాతులు, అంటే దగ్గరి చుట్టరికం ఉన్న జాతుల సముదాయాలు, పశ్చిమాఫ్రికాకు చెందిన పెల్వికాక్రోమిస్ ప్రజాతి ఈ కూర్పులో ముఖ్యమైనవి. అపిస్టోగ్రామా ఒక్కదానిలోనే 90కి పైగా జాతులు వర్ణితమయ్యాయి. టాంగన్యీకా సరస్సులో ఖాళీ నత్తగుల్లల్లో కాపురముండే చేపలు కూడా పరిమాణంలో మరుగుజ్జులే గాని, లవణాలు ఎక్కువగా ఉన్న కఠినజలాన్నీ రాళ్లనూ కోరే వాటి చరిత్ర వేరు, అది ఇక్కడ ప్రస్తుతం కాదు.

ఇలాంటి చేపలను రెండు మూడు జాతులుగా ఒకే మొక్కల తొట్టిలో పెంచే అలవాటు నేడు ఎంత సహజంగా కనిపించినా, అది రెండు వేర్వేరు చరిత్రలు కలిసిన చోట పుట్టింది. మొదటిది గాజుతొట్టిలో మొక్కలు నాటే విద్య చరిత్ర కాగా, రెండవది చేపలను గుర్తించి పేర్లు పెట్టే వర్గీకరణ శాస్త్ర చరిత్ర. ఈ రెండూ ఒకే దిశలో నడవలేదు. దట్టంగా పెరిగిన మొక్కలు ఒకదాని పొడ మరొకదానికి గిట్టని చేపలకు ఒకే తొట్టిలో చోటు కల్పించగా, వర్గీకరణ మెరుగుపడిన కొద్దీ ఏ జాతిని ఏ జాతి పక్కన ఉంచకూడదో తెలిసివచ్చి, మొక్కలు ఇచ్చిన అనుమతిలో చాలా భాగాన్ని శాస్త్రం వెనక్కి తీసుకుంది.

మొక్కల చరిత్ర ముందు మొదలైంది. లండన్‌లోని అపోథికరీస్ హాల్‌లో రసాయనశాస్త్రవేత్తగా పనిచేసిన రాబర్ట్ వారింగ్టన్ సుమారు 12 గ్యాలన్ల పాత్రలో రెండు చిన్న బంగారు చేపలను, వాలిస్నేరియా అనే పొడవాకుల నీటిమొక్కను కలిపి ఉంచి, కుళ్లిన ఆకులను తినడానికి చెరువు నత్తలను చేర్చి, ఆ మూడింటి మధ్య ఏర్పడిన పొత్తును 1850లో కెమికల్ సొసైటీకి నివేదించాడు. చేప విడిచిన కార్బన్ డయాక్సైడ్‌ను మొక్క తీసుకుంటుంది, మొక్క విడిచిన ఆక్సిజన్‌ను చేప పీలుస్తుంది, మిగిలిన చెత్తను నత్త ఊడ్చేస్తుంది, కాబట్టి నీరు మార్చే పని లేదన్నది ఆ నివేదిక సారాంశం. 1853లో లండన్ జంతు ప్రదర్శనశాలలో చేపల గృహం తెరవడం, 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన ‘ది అక్వేరియం’ వెలువడడం, 1856లో జర్మన్ ప్రకృతి రచయిత ఎమిల్ అడాల్ఫ్ రాస్‌మాస్లర్ ‘డీ గార్టెన్‌లాబె’ అనే కుటుంబ పత్రికలో గాజులోని సరస్సును గురించి వ్యాసం ప్రచురించడం వెంటవెంటనే జరిగి, నీటిమొక్కల తొట్టి మధ్యతరగతి ఇళ్ల కిటికీల దగ్గరకు చేరింది. ‘సమతుల్య అక్వేరియం’ అని పేరు పడిన ఈ భావన దాదాపు నూరేళ్లు ఏలింది. మొక్క వెలుతురు ఉన్నప్పుడు మాత్రమే ఆక్సిజన్ ఇస్తుందనీ, రాత్రివేళ చేపతో పాటు తానూ దాన్ని వాడుకుంటుందనీ, నీటి పైతలం నుంచి గాలి కరగడమే తొట్టికి అసలు ఊపిరనీ వివరిస్తూ 1949లో న్యూయార్క్‌కు చెందిన జేమ్స్ ఆట్జ్ ఆ సిద్ధాంతం ఒక భ్రమ అని రాసేదాకా దాన్ని గట్టిగా ప్రశ్నించినవారు తక్కువ. భ్రమే అయినా దాని వల్ల మేలు జరిగింది: తొట్టిలో మొక్క ఉండి తీరాలన్న పట్టుదల మొదట ఆ నమ్మకంలోంచే వచ్చింది.

ఆ మొక్కల లోకంలోకి సిక్లిడ్లు శత్రువులుగా ప్రవేశించాయి. ‘బీగిల్’ నౌకాయానంలో చార్లెస్ డార్విన్ సేకరించిన చేపల ఆధారంగా లెనార్డ్ జెనిన్స్ 1842లో వర్ణించిన ఒక దక్షిణ అమెరికా సిక్లిడ్, చాంచితో అన్న పేరుతో 19వ శతాబ్దం చివర ఐరోపా తొట్లకు చేరింది. దాని సంతాన పోషణ చూసినవారు ముచ్చటపడ్డారు గాని, గుడ్లు పెట్టే వేళ అది అడుగున ఉన్న ఇసుకంతా తవ్విపోసి, మొక్కలను వేళ్లతో సహా పైకి తేల్చేది. అందువల్ల సిక్లిడ్ అంటే రాళ్లు మాత్రమే పేర్చిన బోడి తొట్టిలో ఉంచవలసిన చేప అన్న ముద్ర పడింది, ఆ ముద్ర పెద్ద సిక్లిడ్ల విషయంలో ఇప్పటికీ చెరగలేదు.

చిన్న సిక్లిడ్లు అప్పటికే మ్యూజియం సీసాల్లో ఉన్నాయి. హెన్రీ వాల్టర్ బేట్స్ అమెజాన్ ప్రాంతంలో సేకరించినవాటిలో నుంచి ఆల్బర్ట్ గుంథర్ 1862లో ఒక జాతిని వర్ణించాడు. 1865–66లో హార్వర్డ్ ఆచార్యుడు లూయీ అగాసీ నాయకత్వంలో బ్రెజిల్ వెళ్లిన థేయర్ యాత్ర, తరువాత తత్త్వవేత్తగా ప్రసిద్ధుడైన విలియం జేమ్స్ యువకుడిగా పాల్గొన్న ఆ యాత్రే, పీపాల కొద్దీ చేపలను సారాలో ఊరబెట్టి వెనక్కి తెచ్చింది; వియన్నాకు చెందిన ఫ్రాన్జ్ స్టైన్‌డాక్నర్ వాటిని పరిశీలించి 1875లో ఒక సన్నని, ఈటె మొన లాంటి తోక ఉన్న చిన్న చేపకు అగాసీ పేరు పెట్టాడు. అదే నేటి అపిస్టోగ్రామా అగాసీజీ. బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసిన చార్లెస్ టేట్ రీగన్ 1906లో ఈ చిన్న చేపలను పెద్ద జియోఫేగస్ చేపల నుంచి వేరుచేసి హెటెరోగ్రామా అనే ప్రజాతి నెలకొల్పాడు. కాని ఆ పేరును 1854లోనే ఒక రెక్కల పురుగుకు పెట్టి ఉన్నారని తేలడంతో, 1913లో ఆయనే దాన్ని అపిస్టోగ్రామాగా మార్చాడు. జంతువుల పేర్లలో ముందు పెట్టినదే చెల్లుతుందన్న నియమం ఇక్కడ పనిచేసింది.

ప్రాణంతో ఉన్న చేపలు 20వ శతాబ్దం మొదటి దశాబ్దాల్లో ఆవిరి ఓడల మీద ప్రధానంగా హాంబర్గ్ రేవుకు చేరాయి. ఓడ సిబ్బంది డబ్బాల్లో, క్యాన్లలో చేపలను తెచ్చి వ్యాపారులకు అమ్ముకోవడం అప్పట్లో మామూలు. అలా వచ్చిన చేపలు ఏ నది ఏ పాయలో పట్టినవో కొన్నవారికి తెలిసే వీలు లేదు. ఇనుప చట్రానికి అద్దాలు బిగించి, అడుగు నుంచి గ్యాస్ దీపంతోనో స్పిరిట్ దీపంతోనో వెచ్చబరిచే తొట్లు చిన్నవి కావడంతో, ఒక తొట్టికి ఒక జంట అన్నదే ఆనాటి లెక్క. జర్మన్ పెంపకందారులు ఒక జాతికి ప్రత్యేకించిన తొట్టికీ, పలు జాతులు కలిసి ఉండే సహవాస తొట్టికీ వేర్వేరు పేర్లు పెట్టుకుని, మరుగుజ్జు సిక్లిడ్లను చాలాకాలం మొదటిదానికే పరిమితం చేశారు. ఇప్పుడు కమ్యూనిటీ ట్యాంక్ అని పిలిచేది ఆ రెండవదాన్నే.

చేప ఎక్కడిదో తెలియకపోవడం పేర్ల దగ్గర పెద్ద చిక్కు తెచ్చింది. పరాగ్వే నది పరీవాహకంలో దొరికే, పసుపు ముఖమూ నీలి ఒళ్లూ ఉన్న చేపను రీగన్ 1906లోనే ఇటలీ జంతుశాస్త్రజ్ఞుడు బోరెల్లి పేరుతో వర్ణించి ఉన్నా, 1930ల చివర అదే చేపకు జర్మనీలో రైట్జిగీ అని మరో పేరు పెట్టారు. ఆ తరువాత ‘బోరెల్లీ’ అన్న పేరు అంగట్లో వేరొక చేపకు అంటుకుంది. వీపు రెక్కలోని ముందు ముళ్లు కాకటూ చిలుక జుట్టులా పైకి లేచి ఉండే ఆ చేపకు డచ్చి శాస్త్రజ్ఞుడు హూడెమాన్ 1951లో అపిస్టోగ్రామా కకాటూఇడెస్ అని నామకరణం చేశాడు. అయినా దశాబ్దాల పాటు పుస్తకాల్లో, దుకాణాల్లో బోరెల్లీ అంటే కకాటూఇడెస్ అనీ, రైట్జిగీ అంటే బోరెల్లీ అనీ చెలామణీ అయ్యాయి. ఆ కాలపు పెంపక గ్రంథాల్లో ఏ రెండు జాతులు కలిసి బతికాయని రాసి ఉన్నా, అవి నిజంగా ఏ రెండు జాతులో బొమ్మ చూసి గాని నిర్ధారించడానికి వీల్లేదు. కాబట్టి 1970లకు ముందటి సహవాస సలహాలను చరిత్రకారుడు సగం నమ్మకంతోనే చదవాలి. ఆఫ్రికా వైపూ ఇదే గందరగోళం. బౌలెంజర్ 1901లో వర్ణించిన నైజీరియా చేప పెల్వికాక్రోమిస్ పుల్చర్, కామెరూన్‌లోని క్రిబీ పట్టణాన్ని తలపించే ‘క్రిబెన్సిస్’ అన్న పేరుతో ప్రపంచమంతటా అమ్ముడుపోయింది, ఇంకా అలాగే అమ్ముడుపోతోంది.

మరుగుజ్జు సిక్లిడ్‌ను సామాన్యుల తొట్టిలోకి తెచ్చిన చేప మాత్రం అపిస్టోగ్రామా కాదు. మాన్యుయెల్ రమిరెజ్, హెర్మన్ బ్లాస్ అనే ఇద్దరు 1947లో వెనెజువెలాలోని ఒరినోకో పచ్చికమైదానాల నీటిపట్టుల నుంచి పట్టి తెచ్చిన చేపను 1948లో జార్జ్ మైయర్స్, రాబర్ట్ హ్యారీ అనే అమెరికన్ శాస్త్రజ్ఞులు అపిస్టోగ్రామా రమిరెజీగా వర్ణించారు. కళ్ల మీదుగా నల్లగీత, ఒళ్లంతా నీలి చుక్కలు, పొట్ట దగ్గర ఎర్రని ఛాయ ఉన్న ఈ చేప ‘రామ్’ అన్న పొట్టిపేరుతో ఏ దుకాణంలోనైనా గుర్తుపట్టగలిగేంత ప్రసిద్ధమైంది. ఇది గుహలో కాకుండా చదునైన రాయి మీదనో ఇసుక గుంటలోనో బాహాటంగా గుడ్లు పెడుతుందనీ, ఆడామగా రెండూ కలిసి కాపలా కాస్తాయనీ, అందువల్ల అపిస్టోగ్రామాలతో కలపరాదనీ గమనించాక దానికి వేరే ప్రజాతి అవసరమైంది. ఆ ప్రజాతి పేరు గురించి మైక్రోజియోఫేగస్ అనీ, పాపిలియోక్రోమిస్ అనీ సాగిన తగవు చివరికి మొదటి పేరు వైపే, అందులోనూ 1968 నాటి అక్షరక్రమం వైపే మొగ్గింది. జాన్ హేస్‌మన్ 1911లోనే వర్ణించిన బొలీవియా చేప ఆల్టిస్పినోసస్ దీనికి తోబుట్టువు. రంగులో వెలవెలబోయినా ఒంట్లో దిట్టమైన ఆ చేపను సహవాస తొట్టికి మేలైన ఎంపికగా పరిగణించవలసి ఉన్నా, జనం కళ్లు ఎప్పుడూ రమిరెజీ మీదే నిలిచాయి.

రెండు రకాల గుడ్లు పెట్టే తీరు, అంటే గుహలో పెట్టేవి, బయట పెట్టేవి అన్న ఈ తేడా సహవాస చరిత్రకు కీలకం. గుహలో గుడ్లు పెట్టే అపిస్టోగ్రామా ఆడచేప సన్నని సందు ఉన్న చోటును, అది రాళ్ల మధ్య ఖాళీ అయినా, బోర్లించిన కొబ్బరి చిప్ప అయినా, ముందుగా తన వశం చేసుకుంటుంది. తలకిందులుగా ఈదుతూ పైకప్పుకు గుడ్లు అంటించి, నోటితో ఇసుక మోసుకొచ్చి, తాను మాత్రమే దూరగలిగేంత వరకు గుహ ద్వారాన్ని పూడుస్తుంది. అప్పటిదాకా బూడిద రంగులో ఉన్న ఒళ్లు ఒకటి రెండు రోజుల్లో పసుపు ముద్దలా మారి, దాని మీద నల్లని గుర్తులు సిరాతో దిద్దినంత స్పష్టంగా తేలుతాయి. సుమారు 26 డిగ్రీల వేడిలో మూడు రోజులకు గుడ్లు చిట్లుతాయి, మరో ఐదు రోజులకు పిల్లలు ఈదడం మొదలుపెడతాయి. ఆ గుంపును వెంటబెట్టుకుని తల్లి ఇసుక మీద మేపుతూ తిరిగేటప్పుడు, ప్రమాదం పసిగట్టి పొట్ట రెక్కలను గబగబా ఆడించగానే పిల్లలన్నీ నేలకు అతుక్కుని కదలకుండా ఉండిపోతాయి. పిల్లలను పోగొట్టుకున్న ఆడచేప, మేతగా వేసిన డాఫ్నియా అనే సూక్ష్మ నీటిపురుగుల గుంపునే కాపాడుతూ తిరగడం పెంపకందారులు చూసిన వింత.

ఈ ప్రవర్తన జంతు ప్రవర్తన శాస్త్రానికి కూడా పనికొచ్చింది. డచ్చి శాస్త్రజ్ఞులు బేరెండ్స్ దంపతులు 1950లో సిక్లిడ్ల ప్రవర్తన మీద వెలువరించిన విస్తృత అధ్యయనం దారి వేయగా, 1965లో జాన్ బర్చర్డ్ అపిస్టోగ్రామా ట్రైఫాసియాటా కుటుంబ నిర్మాణాన్ని వివరించాడు. ఒక మగచేప పెద్ద ఇలాకా ఏలుతుంది. దాని లోపల ఒక్కొక్క ఆడచేప తన గుహ చుట్టూ చిన్న ఇలాకా కట్టుకుంటుంది. మగది పొలిమేరలు కాస్తుంది, ఆడది పిల్లలను కాస్తుంది. ఒక మగ, ఒక ఆడ అని జంటగా కొనితెచ్చి, గుడ్లు పెట్టాక ఆడచేప మగచేపను తరిమి చంపిందని నొచ్చుకున్న పెంపకందారుల అనుభవానికి ఇది సమాధానం. మగచేప పారిపోవలసిన పొలిమేర ఆ చిన్న తొట్టిలో లేదు. 1905లో రీగన్ వర్ణించిన గయానా ప్రాంతపు నానకారా అనామలా చేప ఈ విషయంలో మరీ పేరుమోసింది. పిల్లల తల్లి అయినప్పుడు ఒళ్లంతా గళ్ల నమూనా తెచ్చుకుని, తనకంటే పెద్దదైన మగచేపను మూల నుంచి కదలనివ్వదు.

దీనితోనే బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి చెందిన జార్జ్ బార్లో 1968లో ప్రతిపాదించిన మరొక ఆలోచన ముడిపడి ఉంది. ఒంటరిగా ఉన్న సిక్లిడ్లు బెదిరి దాక్కుంటుంటే, నీటి పైభాగంలో తిరుగాడే నిరపాయకరమైన చేపలను చేర్చితే వాటి భయం తగ్గుతుందని ఆయన ప్రయోగశాల అవసరం కోసం రాశాడు. పైన చేపలు నిబ్బరంగా తిరుగుతున్నాయంటే చుట్టుపక్కల శత్రువు లేదని కింది చేప అర్థం చేసుకుంటుందన్నది ఆ సూత్రం. పెన్సిల్ చేపలు, చిన్న టెట్రాలు ఉన్న తొట్టిలోనే మరుగుజ్జు సిక్లిడ్ల అసలు నడవడి కనిపిస్తుందన్న పెంపకందారుల అనుభవానికి ఇది శాస్త్రీయ ఆధారమైంది, సహవాస తొట్టి అన్నది అలంకారం కోసమే కాదన్న వాదనకు బలమైంది.

ఇక మొక్కల వైపు నెదర్లాండ్స్ చేసిన పని ప్రత్యేకమైనది. 1930లో ఏర్పడిన డచ్చి అక్వేరియం సంఘాల సమాఖ్య ఇళ్లకే న్యాయనిర్ణేతలను పంపి తొట్లకు మార్కులు వేయించే సంప్రదాయాన్ని పెంచింది. ఒక్కొక్క జాతి మొక్కను ఒక్కొక్క గుంపుగా నాటడం, ఎత్తులో, ఆకు వెడల్పులో, రంగులో పక్క గుంపుతో తేడా చూపడం, ముందు నుంచి వెనక్కి ఏటవాలుగా ఎదిగే వరుసను వీధిలా తీర్చడం, దాన్ని ‘లైడెన్ వీధి’ అని పిలుచుకోవడం ఆ శైలి లక్షణాలు. చేపలకు కూడా నీటి పొరలను బట్టి మార్కులుండేవి కాబట్టి పైపొరకు, నడిపొరకు, అడుగుకు తగిన చేపలను విడివిడిగా ఎంచవలసి వచ్చింది, అడుగుపొరకు మరుగుజ్జు సిక్లిడ్ సరిగ్గా సరిపోయింది. దానికి తోడు, గుంపులుగా నాటిన మొక్కలు అడుగునేలను సహజంగానే గదులుగా విభజించాయి. ఒక సిక్లిడ్ పక్క చేపను తరిమేది అది కంటపడినప్పుడే. చూపు తెగిన చోట ఇలాకా సరిహద్దు ఏర్పడుతుంది. డచ్చి తోటమాలులు అందం కోసం నాటిన గుబురులు ఆ సరిహద్దులుగా పనిచేయడం ఎవరూ ముందుగా అనుకున్నది కాదు.

1960ల నుంచి సిలికోన్ జిగురుతో అద్దాలను నేరుగా అతికించే పద్ధతి వచ్చి ఇనుప చట్రం అవసరం తీరిపోవడంతో, 100 నుంచి 120 సెంటీమీటర్ల పొడవు తొట్లు మధ్యతరగతి ఇళ్లకు అందుబాటులోకి వచ్చాయి. అడుగునే బతికే చేపకు నీటి ఘనపరిమాణం కంటే నేల వైశాల్యం ముఖ్యం కాబట్టి ఈ మార్పు ఏ కొత్త చేప రాక కంటే తక్కువది కాదు. నీటి విషయంలోనూ అదే కాలంలో పీట్ అనే బురదనేలల కుళ్లు మొక్కల పదార్థం మీదుగా నీటిని వడగట్టి ఆమ్లత పెంచడం, వాననీరు కలిపి కాల్షియం తగ్గించడం జర్మన్ పెంపకందారులకు అలవాటైంది. పిల్లల మేత సమస్యను శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన ఆల్విన్ సీల్ అప్పటికే 1933లో తీర్చి ఉన్నాడు: ఎండిన ఉప్పుమడి రొయ్య గుడ్లను, అంటే ఆర్టీమియా గుడ్లను, ఉప్పునీటిలో పొదిగించి ఆ పిల్లలను చేపపిల్లలకు వేయవచ్చునని ఆయన చూపాడు.

సహవాసానికి అన్నీ అనుకూలించిన ఈ దశలోనే వర్గీకరణ అడ్డు చెప్పింది. స్వీడన్‌కు చెందిన స్వెన్ కుల్లాండర్ 1980లో బాన్ నగరం నుంచి వెలువరించిన అపిస్టోగ్రామా అధ్యయనం, 1986లో ప్రచురించిన పెరూ అమెజాన్ సిక్లిడ్ల గ్రంథం పాత పేర్ల చిక్కును చాలావరకు విప్పాయి. నిజ్సెనీ, మెక్‌మాస్టరీ, హాంగ్‌స్లోయి వంటి జాతులు 1979లో ఆయన వర్ణించినవే. పొలుసుల లెక్క, పక్క గీత నమూనా, దవడ కింద రంధ్రాల సంఖ్య వంటి సూక్ష్మ లక్షణాలతో ఆయన వేరుపరచిన జాతులు ఒక్కసారిగా పెరిగాయి, దాంతో పాటు ఒక ఇబ్బందికరమైన సంగతి బయటపడింది. మగచేపలు రెక్కల తీరుతో, రంగుతో తేడా చూపినా, దగ్గరి జాతుల ఆడచేపలు, ముఖ్యంగా పిల్లలతో ఉన్న పసుపు వేషంలో, అనుభవజ్ఞుల కంటికి కూడా ఒకేలా కనిపిస్తాయి. రెండు దగ్గరి జాతులు ఒకే తొట్టిలో ఉంటే ఏ ఆడది ఏ మగదానితో జత కట్టిందో తెలియదు. పుట్టిన సంకర సంతానం పేరు మార్చుకుని అంగట్లోకి పోతే, ఇంతకుముందు పేర్ల వల్ల వచ్చిన గందరగోళం ఈసారి రక్తంలోనే వస్తుంది. అడవి నీళ్లలో రెండు మూడు అపిస్టోగ్రామా జాతులు ఒకే వాగులో ఎండుటాకుల పొరలో కనిపించడం నిజమే గాని, అక్కడ ఒక్కొక్కటి ఒక్కొక్క లోతును, ఒక్కొక్క రకం నేలను పట్టుకుని ఉండగలదు. 120 సెంటీమీటర్ల తొట్టిలో ఆ తేడాలకు చోటు లేదు.

దీని మీద 1996లో ఊవే ర్యోమర్, వోల్ఫ్‌గాంగ్ బైసెన్‌హెర్జ్ ప్రచురించిన పరిశోధన మరో చిక్కు చేర్చింది. 23, 26, 29 డిగ్రీల వేడిలో పొదిగించి చూడగా, 30కి పైగా అపిస్టోగ్రామా జాతుల్లో నీటి వేడే పిల్లల లింగ నిష్పత్తిని మారుస్తోందనీ, వేడి పెరిగిన కొద్దీ మగవి ఎక్కువవుతాయనీ వారు చూపారు. రమిరెజీకి 27 నుంచి 30 డిగ్రీల వేడి హాయి. బోరెల్లీ పరాగ్వే నది ప్రాంతపు చల్లని రుతువులకు అలవాటుపడిన చేప. ఈ రెండింటినీ ఒకే తొట్టిలో పెట్టి మధ్యేమార్గంగా 26 డిగ్రీలు ఉంచడం పాత పుస్తకాల సలహా. ర్యోమర్ తరువాత అది రెండు చేపలకూ పూర్తిగా సరిపడని రాజీ అని చెప్పవలసి వస్తుంది.

మొక్కల విద్య మాత్రం ఆగలేదు. కాస్పర్ హార్స్ట్, హార్స్ట్ కిప్పర్ అనే జర్మన్లు 1980ల్లో నేల కింద వేడి తీగలు, గొట్టం ద్వారా కార్బన్ డయాక్సైడ్ అందించే పద్ధతిని ప్రచారం చేయగా, జపాన్‌లోని నీగాటాకు చెందిన తకాషి అమానో, ఒకప్పటి వృత్తి సైకిల్ పందెగాడు, 1992లో వెలువడిన తన చిత్రగ్రంథంతో మొక్కల తొట్టిని ప్రకృతి దృశ్యంగా మార్చాడు. నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ ఆమ్లతను పెంచుతుంది కాబట్టి ఈ తొట్లు అమెజాన్ చేపలకు మేలు చేస్తాయని చాలామంది తలచారు. ఆ మేలు కొంతవరకే నిజం, ఎందుకంటే ఆమ్లత పెరిగినా నీటిలోని కాల్షియం లవణాలు తగ్గవు, సున్నితమైన జాతుల గుడ్లకు కావలసింది ఆ తగ్గుదలే. పైగా గడ్డి మైదానంలా పరచిన పొట్టి మొక్కలూ, మధ్యలో నిలబెట్టిన రాళ్లూ చూడముచ్చటగా ఉన్నా చూపును అడ్డుకోవు. అమానో శైలి పేరిట నాటిన చాలా తొట్ల కంటే పాత డచ్చి గుబురు తొట్టిలోనే మరుగుజ్జు సిక్లిడ్లు తగవు లేకుండా బతికాయని చెప్పడం అతిశయోక్తి కాదు. అడవి వాగులను అనుకరిస్తూ ఎండుటాకులు పరిచే అలవాటు ఇటీవల తిరిగి రావడం ఆ లోపాన్ని కొంత సరిదిద్దింది. తెలుగు ఊళ్లలో ఇళ్ల ముందు ఊడ్చి పారేసే బాదం చెట్టు ఆకులను ఐరోపా పెంపకందారులు ఇందుకోసం పొట్లాల్లో కొనుక్కుంటారు.

భారతదేశానికి ఈ చేపలు బయటి నుంచి వచ్చినవే. అలంకార చేపల పెంపకానికీ వ్యాపారానికీ పేరుబడిన చెన్నైలోని కొళత్తూరు వంటి కేంద్రాల్లోనూ, ఆగ్నేయాసియా చెరువుల్లోనూ తరతరాలుగా పెంచిన రమిరెజీ బంగారు రంగు, మెరిసే నీలి రంగు, పొడవు రెక్కల రకాలుగా చీలిపోయింది; కకాటూఇడెస్ ‘డబుల్ రెడ్’, ‘ట్రిపుల్ రెడ్’ అన్న పేర్లతో అమ్ముడవుతోంది. అడవి చేపకు గిట్టని కఠినజలాన్ని ఈ చెరువు సంతానం కొంత ఓర్చుకుంటుంది కాబట్టి దక్కను బోరు నీటిలో కూడా బతుకుతోంది గాని, తల్లిదండ్రులు గుడ్లను తినేయడం, పిల్లలను సాకే నేర్పు సన్నగిల్లడం దాని వెనుక ఉన్న నష్టం.

సిక్లిడ్ కుటుంబం భారతదేశానికి పూర్తిగా పరాయిది మాత్రం కాదు. కేరళ వారు కరిమీన్ అని పిలిచే, పులికాట్ సరస్సులో కూడా దొరికే ఎట్రోప్లస్ సురటెన్సిస్, దాని చిన్న చుట్టమైన ఆరెంజ్ క్రోమైడ్ ఇక్కడి సిక్లిడ్లే. 1795లో బ్లాక్ వర్ణించిన ఆ రెండవ చేప 8 సెంటీమీటర్లకు మించదు. పరిమాణాన్ని బట్టి చూస్తే మరుగుజ్జు సిక్లిడ్ అన్న పేరుకు అది పూర్తిగా అర్హమైనదే. దాని పిల్లలు తల్లిదండ్రుల ఒంటి మీది జిగురును గిల్లుకుని తినడాన్ని జాక్ వార్డ్, పైన చెప్పిన బార్లో కలిసి 1967లో వివరించగా, అది పెద్ద కరిమీన్ల ఒంటి మీది పరాన్నజీవులను ఏరి శుభ్రం చేస్తుందని వైమన్, వార్డ్ 1972లో రాశారు. రెండు సిక్లిడ్ జాతులు ఒకదానికొకటి పనికొస్తూ కలిసి బతకడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అమెజాన్ మరుగుజ్జుల్లో లేదు. అయినా ఉప్పు కలిసిన నీటిలో మెరుగ్గా ఉండే ఆ చేపకు, ఆమ్లత కోరే మొక్కల తోటల్లో చోటు దొరకలేదు.

ప్రస్తుతం అనుభవజ్ఞులు పాటిస్తున్న ఏర్పాటు పాత కోరికకూ కొత్త జ్ఞానానికీ మధ్య కుదిరిన ఒడంబడిక వంటిది: ఒక తొట్టిలో గుహ చేప ఒక్క జాతి, బయట గుడ్లు పెట్టే చేప ఒక్క జాతి, రెండూ వేర్వేరు ప్రజాతులవి, ఒకే వేడికి ఒదిగేవి, అపిస్టోగ్రామాలో రెండు జాతులు కావాలంటే రెండు తొట్లు. పట్టిన వాగు పేరు తెలిసిన చేపల సంతానాన్ని ఆ వాగు పేరుతోనే రాసి అమ్మడం, సహవాస తొట్టిలో అనుకోకుండా పుట్టిన పిల్లలను అమ్మకానికి పెట్టకపోవడం కూడా ఈ ఏర్పాటులో భాగమే. క్రిబెన్సిస్‌ను మాత్రం చిన్న అపిస్టోగ్రామాల దగ్గరికి రానివ్వరు. పిల్లలున్నప్పుడు ఆ జంట 100 సెంటీమీటర్ల తొట్టిలో అడుగునేల అంతటినీ తనదిగా చేసుకుంటుంది.